ఆప్రికాట్ చెక్కకు నాలుగు తీగలు

ఫ్రూంజె
సెప్టెంబరు, 1978

తుర్దుబెక్ మావయ్యకు సలాం.

ఇది అమ్మ రాయించిన ఉత్తరం కాదు. అమ్మకు తెలిస్తే నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోతుంది.

మా కుట్టు ఫ్యాక్టరీ సంస్కృతి భవనంలో ఒక పాటల బృందం ఉంది. అందులో బాస్ గిటార్ వాయించే అబ్బాయి సైన్యంలోకి వెళ్లాడు. వెళ్తూ తన గిటార్ ఎవరికో అమ్మేశాడు. అరిగిపోయిన పాత తీగలు మాత్రం కిటికీలో వదిలిపోయాడు. ఆ చోటు నాకివ్వమని బృందం పెద్ద షర్షెన్‌ను అడిగాను. అందరి ముందూ పగలబడి నవ్వాడు. "ఆడపిల్లలు పాడతారు, లేదంటే గిలక్కాయలు ఊపుతారు. బాస్ వాయిస్తానంటావా? సొంతది తెచ్చుకో, అప్పుడు చూద్దాం" అన్నాడు.

దుకాణంలో అవి దొరకవు. వచ్చిన ఒకటీ అరా తెలిసినవాళ్లకు వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతాయి. కాబట్టి నేనే చేసుకుంటాను. మే డే కచేరీకి ఆ వేదిక మీద బాస్ పట్టుకుని నిలబడాలి. ఇంకేమీ వద్దు నాకు.

నువ్వు పుట్టినప్పటి నుంచీ కొముజ్ వాద్యాలు చెక్కుతున్నావు. దానికి మూడు తీగలు, దీనికి నాలుగు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

నీ మేనకోడలు
కుందుజ్


బత్కెన్
అక్టోబరు

కుందుజ్‌కు,

దానికి మూడు, దీనికి నాలుగు అన్నావు చూడు, అక్కడే నీ ఉత్తరం పొయ్యిలో పడెయ్యాలనిపించింది. గుర్రానికీ నాలుగు కాళ్లే, మంచానికీ నాలుగు కాళ్లే. ఎక్కి స్వారీ చెయ్యి మంచాన్ని.

ఆ గిటార్ నేను చూడనిది కాదు. పోయిన వేసవిలో ఇక్కడొక పెళ్లికి పట్నం నుంచి బృందాన్ని పిలిపించారు. జులపాలవాడొకడు గోడలో తీగ గుచ్చి డుబుడుబుమని మొదలుపెట్టాడు. తిన్న మాంసం కడుపులో కదిలింది. సగంలో కరెంటు పోయింది. ఇక దానికి నోరే లేదు, వాడి మెళ్లో చచ్చిన గొర్రెలాగా వేలాడింది. వాద్యమన్నది కరెంటును అడుక్కుని పలుకుతుందా? ఛీ.

అయినా నువ్వు చెబితే వినే రకం కాదు. చెడగొట్టేదేదో కాస్త తక్కువ చెడగొడతావని రాస్తున్నాను. చెక్క ఎండి ఉండాలి. ఎండ తగిలించి, పొయ్యి దగ్గర పెట్టి ఎండబెట్టింది కాదు, నీడలో తనంతట తాను ఎండింది. తట్టి చూడు. మొద్దుగా పలికితే వదిలెయ్యి. కణతల దగ్గర తగిలేలా పలికితే ఉంచు. తీగ పొడవు ఊహించి గీసుకోకు. అసలు గిటార్ ఒకటి ఎక్కడుందో వెతికి, పైన తీగ ఆనే చోటు నుంచి కింద తీగలను మోసే గుర్రం దాకా కొలుచుకో. ఈ కొలత తప్పితే మిగతాదంతా నీట్లో రాసినట్టే. మెడకు మాత్రం వాద్యం ఒంటికన్నా గట్టి చెక్క కావాలి.

ఎంత లోతు తొలవాలో రాయలేదు నువ్వు. బొమ్మ గీసి పంపు.

తుర్దుబెక్


ఫ్రూంజె
నవంబరు

మావయ్యా,

తొలవడం లేదు. ఇది తొలవని వాద్యం, లోపలంతా చెక్కే. తిట్టుకో, తిట్టుకున్నాక మిగతాది చదువు.

కొలత దొరికింది. ప్రభుత్వ ఫిల్హార్మొనిక్ సంగీత బృందం మా భవనంలో కచేరీకి వస్తే, తెర వెనక్కి దూరి, మెళ్లో ఉన్న కుట్టు టేపుతో వాళ్ల బాస్ గిటార్ కొలిచాను. దాన్ని వాయించే ఆయన తన పంట్లానికి కొలతలు తీస్తున్నాననుకుని చేతులు పైకెత్తి నిలబడ్డాడు!

మిగతాదంతా అసహ్యం. యంత్రాలు వచ్చిన పెట్టెల పైన్ చెక్క తెచ్చాను. ఎండిందనే అనుకున్నాను. మెడ అంటించడానికి సరేసు కావాలి కదా, హాస్టల్ వంటగదిలో ఉడికించాను. ఎముకలూ డెక్కలూ ఉడికిన కంపు మూడో అంతస్తు దాకా పోయింది. నా గదిలో ఉండే రాయా వాంతి చేసుకుంది. వార్డెన్ వచ్చి, "ఎవర్తివే? శవాన్ని వండుతున్నావా?" అని ఒకటే అరుపు. ఆ పాత తీగలు సోడా నీళ్లలో ఉడికిస్తే మళ్లీ పలుకుతాయని ఎవరో చెబితే అదీ చేశాను. నీళ్లు నల్లగా, జిడ్డుగా తేలాయి. ఆ అబ్బాయి చెమటా, వాడు తిన్న పొద్దుతిరుగుడు గింజల నూనే అనుకుంటాను. ఆ గిన్నెలో ఇప్పుడు ఎవరూ టీ పెట్టుకోవడం లేదు.

ఇంత చేస్తే పొద్దున్నకు మెడ మెలి తిరిగి, పెరుగు చిలికే కవ్వంలాగా ఉంది.

కుందుజ్


బత్కెన్
నవంబరు

కుందుజ్,

తొలవని దాన్ని వాద్యం అనరు. పీట అంటారు. దాని మీద కూర్చుని రొట్టె పిండి పిసుక్కోవచ్చు.

పెట్టెల చెక్కతో మెడ! నీ వయసులో మీ అమ్మ కూడా ఇలాంటి తెలివితక్కువ పని చేసి ఉండదు. ఆ చెక్క నిన్నటిదాకా కొండ మీద నీళ్లు తాగుతూ ఉంది. అది తిరగకపోతే ఆశ్చర్యపోవాలి. పాతబడ్డ కుట్టు బల్ల ఏదైనా మీ ఫ్యాక్టరీ పారేస్తుందేమో చూడు. మీరంతా మోచేతులు ఆనించి ఏళ్ల తరబడి ఎండబెట్టిన చెక్క అది. రెండు బద్దలు తియ్యి. ఒకదాని గీతలు ఇటు పోతే రెండోదాని గీతలు అటు పోయేలా తిప్పి అంటించు. ఒకటి వంగాలని చూస్తే రెండోది పోనివ్వదు. వెనకవైపు గాడి తీసి ఇనప కడ్డీ పాతి పెట్టు. తీగలు లాగే బరువు ఊరికే పోదు.

సరేసు ఎప్పుడూ మరగనివ్వకు. మరిగితే కంపు కొడుతుంది, పట్టు కూడా పోతుంది. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి వేడి చెయ్యి. రాయాకు నా తరపున క్షమాపణ చెప్పు. కింద అయస్కాంతం, రాగి తీగ చుట్ట ఏదో పెడతారట, అది నాకు తెలియని పాపం. కరెంటు పనివాణ్ణి అడుగు.

ఒంటికి ఏ చెక్క దొరికింది? దానికైనా మంచిది వెతుక్కో.

తుర్దుబెక్


ఫ్రూంజె
డిసెంబరు

మావయ్యా,

మెడ నిలబడింది. నువ్వు చెప్పినట్టే రెండు బద్దలు తిప్పి అంటించాను. గుమ్మానికి వేలాడదీసి నేను పట్టుకుని ఊగినా వంగలేదు.

ఒంటికి చెక్క గురించి అడిగావు. నీ షెడ్డులో పై దూలం మీద ఆప్రికాట్ పలకలు రెండున్నాయి. తాతయ్య నరికిన చెట్టువి. చివరి కొముజ్ ఆ చెక్కతో చేసి పోతానని నువ్వు అంటూ ఉంటావు. నాకు తెలుసు.

మేనమామ ఇంట్లో మేనకోడలు ఒక్కటి కోరితే లేదనకూడదు. నేను ఇంతవరకూ నిన్ను ఏమీ కోరలేదు. మేకపిల్లను కోరలేదు, గుర్రాన్ని కోరలేదు. పెద్దక్క నీ జీను పట్టుకుపోయినప్పుడు కూడా నేను చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నాను. ఇప్పుడు కోరుతున్నాను. ఆ పలకలు నాకు కావాలి.

ఇంకొకటి. మెడ మీద వేలు ఎక్కడ నొక్కాలో చూపే అడ్డ మెట్లు వెయ్యడానికి ఇనప తీగ ఎక్కడా దొరకడం లేదు. ఏం చెయ్యాలి?

కుందుజ్


బత్కెన్
జనవరి, 1979

ఓష్ వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చాను. అక్కణ్ణుంచి ఫ్రూంజెకు ఇంకొకడు తెస్తాడు. దుప్పట్లో చుట్టాను. దుప్పటి మళ్లీ పంపు, అది మీ అత్తయ్యది.

కోరే హక్కు నీకుంది, ఇచ్చాను. ఇచ్చాను కదా అని సంతోషంగా ఇచ్చాననుకోకు. ఆ చెక్కను పీట చేస్తారని తెలిసి ఉంటే తాతయ్య ఆ చెట్టును కొట్టేవాడు కాదు. ఇద్దరు మనుషులం ఎత్తి దించాం. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు, నేను ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మెట్లా? మెట్లెందుకు? కొముజ్ మీద ఎక్కడుంది మెట్టు? చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని వాయించినప్పుడు నీ వేలికి ఎవరు దారి చూపించారు? చెవి లేనివాడికి మెట్లు. మెడను నున్నగా చిత్రిక పట్టి, గరుకు కాగితం తిప్పి, వాల్‌నట్ నూనె రాసి వదిలెయ్యి.

రంగు వేశావంటే నీ ముఖం నాకు చూపించకు.

తుర్దుబెక్


ఫ్రూంజె
ఫిబ్రవరి

మావయ్యా,

అయిపోయింది! పలికింది!

రెండు పలకలూ ఒకదాని పక్కన ఒకటి అంటిస్తే, మధ్యలో గీత ఎక్కడుందో నాకే తెలియలేదు. తేనె రంగు. నూనె తప్ప ఇంకేమీ రాయలేదు. పాడైపోయిన రేడియో హెడ్‌ఫోన్ల రాగి తీగ విప్పి, అయస్కాంతం చుట్టూ చుట్టడానికి మా యంత్రంలో బాబిన్ చుట్టే చక్రమే పనికొచ్చింది. మొదట అయస్కాంతం తీగలకు మరీ దగ్గరగా పెట్టాను, ధ్వని ఈదురుగాలిలాగా వణికింది. కొంచెం కిందికి దించాక సరిపోయింది. మెట్లు లేవు కదా, వేలు జారిస్తే స్వరం కూడా జారుతుంది. నీ కొముజ్ పాటలన్నీ దాని మీద వచ్చేశాయి, పాతాళంలోంచి ఎవరో పాడుతున్నట్టు.

షర్షెన్ విన్నాడు. "ఇక్కడే పెట్టి వెళ్లు, రేపటి నుంచి సాధనకు రా" అన్నాడు. నేను పెట్టి వెళ్లాను.

మావయ్యా, అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మర్నాడు ఏడాదికొకసారి చేసే వస్తువుల లెక్కింపు. స్టోర్ చూసే క్లావ్దియా అత్త డబ్బా, కుంచె పట్టుకుని, భవనంలో కనిపించిన ప్రతి కుర్చీకీ, ప్రతి బకెట్టుకీ నంబరు రాసుకుంటూ పోయింది. నా గిటార్ వెనక కూడా రాసింది. తెల్ల ఆయిల్ పెయింటు. ఇంత లావు అంకెలు, కింద చుక్కలు కారుతూ. నేను వెళ్లేసరికి ఆరిపోయింది కూడా. ఇది నా గిటార్ అంటే, "నంబరు పడింది కదమ్మా. నంబరు పడ్డాక అది ప్రభుత్వానిది. నేను గానీ నువ్వు గానీ ఏం చెయ్యగలం?" అంది. ఆమె మొహంలో చెడు ఏమీ లేదు. అదే నాకు ఇంకా ఒళ్లు మండించింది.

షర్షెన్ దాన్ని తన బావమరిది కుబాత్‌కు ఇచ్చాడు. మహిళా దినోత్సవం కచేరీలో వాడే వాయిస్తాడట. నాకు గిలక్కాయలు ఇచ్చాడు.

కుందుజ్


బత్కెన్
ఫిబ్రవరి

కుందుజ్,

నీ ఉత్తరం చదివి షెడ్డులోకి వెళ్లాను. ఉలి కూడా పట్టుకోలేదు.

ఇంతకుముందు నాకు ఆ వాద్యం అంటే అసహ్యం. ఇప్పుడు ఆ వాద్యం మీద కోపం లేదు, మనుషుల మీదే. మేకకు చెవి కోసి గుర్తు పెడతారు, దొంగిలించిన మేకకైతే దొంగలు ఇంకొకసారి కోస్తారు. వీళ్లు పెయింటుతో చేశారు, అంతే. ఆ షర్షెన్ ఎవడి కొడుకు? ఏ ఊరివాడు? ఆడపిల్ల చెమట మీద బావమరిదిని కూర్చోబెట్టినవాడి ఇంట్లో తినే రొట్టె అరుగుతుందా?

నువ్వు గిలక్కాయలు ఊపకు. వాడు చేతిలో పెడితే నేల మీద పెట్టెయ్యి. ఇది సలహా కాదు.

తుర్దుబెక్


ఫ్రూంజె
మార్చి

మావయ్యా,

గిలక్కాయలు నేల మీద పెట్టేసి, ప్రేక్షకుల్లో వెనక వరసలో కూర్చున్నాను.

కుబాత్ సంగతి చెబుతాను, విను. వాడు గిటార్‌ను పట్టుకుని చూడనైనా లేదు, సాధనే చెయ్యలేదు, "నాకు తెలియని బాసా?" అని. వాడి చేతికి మెట్లు అలవాటు. వేదిక మీద లైట్లు పడ్డాక కిందికి చూస్తే మెడ నున్నగా ఉంది, మెట్టు లేదు. ఎక్కడ వేలు పెట్టాలో తెలియక పెట్టిన ప్రతి చోటా తప్పే. పాడే అమ్మాయి ఒక స్వరంలో, వీడు ఇంకో స్వరంలో. ముందు వరసలో అవార్డులు తీసుకోవడానికి వచ్చిన కుట్టు పనివాళ్లు మొదట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో, "అయ్యో, ఆ అబ్బాయికి కడుపులో నొప్పేమో" అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. అంత మంచి చెక్కతో అంత చెత్త ధ్వని తీస్తుంటే లేచి వెళ్లి గుంజుకోవాలనిపించింది.

షర్షెన్ తప్పంతా గిటార్ మీదకు తోశాడు. "మెట్లు లేవు, అసంపూర్ణ వస్తువు, లెక్కల్లోంచి కొట్టివెయ్యాలి" అని కాగితం పెట్టాడు. ఏప్రిల్‌లో ముగ్గురు మనుషుల కమిటీ వస్తుంది. పనికిరానిదని తేలితే వాళ్ల కళ్ల ముందే గొడ్డలితో మెడ నరకాలి, మళ్లీ ఎవరూ వాడకుండా. నరికాక మిగిలిన చెక్కను వంటచెరుకని ఎవరు పట్టుకుపోయినా అడగరట. క్లావ్దియా అత్త నన్ను మూలకు పిలిచి, "నిన్ను కూడా అడుగుతారు, చేసింది నువ్వే కదా. పనికిరాదని చెప్పు, మిగిలింది సంచిలో వేసుకుని పో" అంది.

పనికొస్తుందంటే ఎప్పటికీ వాళ్లదే. పనికిరాదంటే నాది, కానీ గొడ్డలి వేటు తిన్నాక. ఏం చెప్పమంటావు?

కుందుజ్


బత్కెన్
మార్చి

పనికిరాదని చెప్పు.

ఇందులో ఆలోచించడానికి ఏముంది? మెడ పోతే పోనీ, అది కుట్టు బల్ల. ఒళ్లు ఆప్రికాట్. సంచిలో వేసుకుని ఇంటికి రా. వేసవిలో ఇద్దరం కూర్చుని కొత్త మెడ చేద్దాం. ఆ నంబరును నేనే గీకి పారేస్తాను. మే డే ఏడాదికొకసారి వస్తుంది. ఆ చెట్టు మళ్లీ రాదు.

అబద్ధం ఆడటం తప్పని మీ అమ్మ నేర్పి ఉంటుంది. షర్షెన్ లాంటివాళ్ల ముందు ఆడితే అది అబద్ధం కిందికి రాదు. కళ్లు దించుకుని, "అవునండీ, చెత్త" అను. అంతే. ఒక్క మాట.

తుర్దుబెక్


ఫ్రూంజె
ఏప్రిల్

మావయ్యా,

నన్ను క్షమించాలో వద్దో మొత్తం చదివాక తేల్చుకో.

కమిటీలో క్లావ్దియా అత్త, షర్షెన్, కార్మిక సంఘం నుంచి జుమాగుల్ అనే పెద్దావిడ. బల్ల మీద నా గిటార్, పక్కన గొడ్డలి. గొడ్డలికి కూడా నంబరు ఉంది. షర్షెన్ చదివాడు: మెట్లు లేవు, స్వరం నిలవదు, చేసిన మనిషికి శిక్షణ లేదు. జుమాగుల్ అక్క నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు పిల్లా. పనికొస్తుందా, రాదా?" అంది.

నువ్వు చెప్పిన మాట నోట్లోకి వచ్చింది మావయ్యా. ఒట్టు. కళ్లు కూడా దించుకున్నాను. దించుకుంటే బల్ల మీద అదే కనిపించింది. చెత్త అనడానికి నోరు రాలేదు. ఎవరి ముందైనా ఏ అబద్ధమైనా ఆడగలను, అది తప్ప. "కరెంటు తీగ ఎక్కడ గుచ్చాలి?" అని అడిగాను.

నువ్వు పెళ్లిళ్లలో మొదట వాయించే ఆ పాత బాణీ వాయించాను. ఎంతసేపో తెలియదు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కింద అంతస్తులో యంత్రాలు ఆపి ఎవరో మెట్లెక్కి వచ్చారు. ఆపాక షర్షెన్, "ఇదొక్కతే వాయించగలదు, వేరే ఎవరి చేతికీ రాదు, అలాంటి వస్తువు భవనానికి ఎందుకు?" అన్నాడు. జుమాగుల్ అక్క, "నోరు ముయ్యవయ్యా" అంది. క్లావ్దియా అత్త పెన్ను తీసింది. "పనికొచ్చే వస్తువుకు బాధ్యులు ఒకరుండాలి. వాయించడం వచ్చినవాళ్ల పేరే రాస్తాను, రానివాడి పేరు రాస్తే రేపు నన్నడుగుతారు" అని నా పేరు రాసింది. గొడ్డలిని తీసుకెళ్లి మళ్లీ మేడ మెట్ల కింద పెట్టింది.

మే డే కచేరీలో బాస్ నేనే. కానీ ఆ చెక్క ఇక మనింటికి రాదు. నేను ఈ ఫ్యాక్టరీ వదిలేసిన రోజున అది ఇక్కడే ఉండిపోతుంది, ఆ అంకెలతో. నీ చివరి కొముజ్ నేను తీసుకెళ్లి ప్రభుత్వానికి ఇచ్చేశాను. ఒక్క మాట అంటే దక్కేది. అనలేదు.

కుందుజ్


బత్కెన్
ఏప్రిల్

కుందుజ్‌కు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి నిన్ను గట్టిగా తిట్టాను. మీ అత్తయ్య వాకిట్లోంచి విని, పిల్లను ఎందుకు తిడుతున్నావని లోపలికి వచ్చింది. ఆవిడకు చదివి వినిపించాను. నాతో మాట్లాడటం మానేసిన మనిషి, మళ్లీ చదవమంది.

ఆ షర్షెన్ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదుగా ఉంది. ఆ అంకెలు తలుచుకుంటే ఇంకా చేదు. కరెంటుతో పలికే వాద్యం మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. తొలవని దాన్ని నేను చచ్చేదాకా పీట అనే అంటాను.

కానీ నీకు నేను చెడ్డ సలహా ఇచ్చాను. షెడ్డులో కూర్చుని కాగితం మీద చెత్త అని రాయడం తేలిక. ఆ బల్ల ముందు నన్ను నిలబెట్టి అడిగి ఉంటే, తాతయ్య చెట్టును చెత్త అని నేనూ అనగలిగేవాణ్ణి కాను.

మే డేకి మేమిద్దరం వస్తున్నాం. ముందు వరసలో కూర్చుంటాం. నా ముఖం ఎలాగూ చిట్లించుకునే ఉంటుంది. అది చూసి నీ వేలు తడబడకూడదు.

మీ మావయ్య